క్రిస్మస్ కానుకగా గుప్పెడు గింజలు

డిసెంబర్ వచ్చిందంటే ఉమ్మడి మెదక్ జిల్లా పల్లెల్లో క్రిస్మస్ సందడి మొదలవుతుంది. ఇళ్ల ముందు రంగు కాగితాల నక్షత్రాలు వెలుగుతాయి. చర్చీలకు సున్నాలు పడతాయి. పిల్లలకు కొత్త బట్టలు కుట్టించే హడావుడి, పిండి వంటల హడావుడి సరేసరి. మెదక్ పట్టణంలోని పెద్ద చర్చి ముందు 25వ తేదీ వేకువజాము నుంచే జనం బారులు తీరతారు. అక్కడికి వచ్చేవారిలో క్రైస్తవులే కాదు, అన్ని మతాలవారూ ఉంటారన్నది జిల్లా ప్రజలకు తెలిసిన విషయమే. కరువు రోజుల్లో పేదలకు పని, తిండి కల్పిస్తూ కట్టిన ఆ చర్చి 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. 2024లో నూరేళ్లు నిండాయి. ఆకలిగొన్నవారికి ఆసరాగా లేచిన కట్టడం నీడన జరిగే పండుగ కాబట్టి, ఆ పండుగనాడు ఇచ్చిపుచ్చుకునే కానుకల గురించి ఒక మాట అనుకోవడం అసందర్భం కాదు.

కానుకలు ఇచ్చుకోవడం క్రిస్మస్ ఆచారాల్లో ముఖ్యమైనది. యువజన సంఘాల్లో, బడుల్లో, హాస్టళ్లలో చీటీలు వేసుకొని, ఎవరి పేరు వస్తే వారికి రహస్యంగా కానుక ఇచ్చే ఆట ఇప్పుడు పల్లెలకు కూడా వచ్చింది. ఇది మంచి ఆటే. అయితే ఆ కానుకలు ఏమిటని చూస్తే మాత్రం కొంత బాధ కలుగుతుంది. ప్లాస్టిక్ పూల గుత్తి, ప్లాస్టిక్ బొమ్మ, గోడకు తగిలించే ఏదో ఒక తళుకు వస్తువు. జనవరి వెళ్లేసరికి వాటి రంగు వెలుస్తుంది. ఉగాది నాటికి అవి పెంటకుప్ప మీద ఉంటాయి. అలంకరణకు వాడే థర్మాకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించినా, పండుగ మరునాడు చెత్తకుప్పల్లో తెల్లటి ముక్కలు ఎగురుతూనే ఉంటాయి. డబ్బు పెట్టి కొన్నది ఊరి మురికి కాలువకు అడ్డం పడటం ఎంతమాత్రం అభిలషణీయం కాదు.

దీనికి బదులు గుప్పెడు గింజలు కానుకగా ఇస్తే ఎలా ఉంటుంది? వినడానికి వింతగా తోచవచ్చు. కానీ ఇంగ్లండు, అమెరికా వంటి దేశాల్లో తోట పెంచే అలవాటున్నవారికి క్రిస్మస్ సమయంలో అడవి పూల విత్తనాల పొట్లాలు కానుకగా ఇవ్వడం కొన్నేళ్లుగా వాడుకలో ఉంది. కొందరు కాగితపు గుజ్జులోనే గింజలు కలిపి గ్రీటింగు కార్డులు తయారు చేస్తున్నారు. పండుగ శుభాకాంక్షలు చదువుకున్నాక ఆ కార్డును ముక్కలు చేసి, తడి మట్టిలో వేసి, పైన పలచగా మట్టి చల్లితే మొలకలు వస్తాయి. కానుక ఖర్చు స్వల్పం. చెత్త శూన్యం. మూడు నాలుగు నెలల తరువాత పూలు పూసినప్పుడు ఇచ్చినవారు మళ్లీ గుర్తుకు వస్తారు.

అక్కడివారికి ఈ ఆలోచన ఊరికే పుట్టలేదు. ఇంగ్లండులో ఒకప్పుడు ఊరి పక్కన పచ్చిక బయళ్లు ఉండేవి. వేసవిలో వాటి నిండా రకరకాల అడవి పూలు పూసేవి. గడ్డి కోసుకొనే ముందే పూలు గింజ కట్టి రాలేవి కనుక మరుసటి ఏడు మళ్లీ మొలిచేవి. యుద్ధ కాలంలో తిండి గింజల కోసం ఆ బయళ్లను దున్నారు. తరువాత ఎరువులు వేసి ఒకే రకం గడ్డి పెంచారు. ఫలితంగా 1930ల నుంచి 1980ల మధ్య అటువంటి పూల బయళ్లలో నూటికి 97 వంతులు మాయమయ్యాయని అక్కడి లెక్కలు చెబుతున్నాయి. పూలు పోయాక వాటిని నమ్ముకున్న తేనెటీగలు, సీతాకోకచిలుకలు తగ్గాయి. పోయిన తరువాత విలువ తెలిసి, ఇప్పుడు పొట్లాలు కట్టి పంచుకుంటున్నారు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకున్న సామెతగా ఉంది అక్కడి స్థితి.

మన జిల్లా పల్లెల చేతులు ఇంకా పూర్తిగా కాలలేదు. కానీ వేడి మాత్రం తగులుతున్నది. మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట ప్రాంతాల్లో బతుకమ్మ నాటికి బీళ్ల మీద తంగేడు పచ్చగా పూసేది. జొన్న చేలల్లో, గట్ల మీద గునుగు తెల్లటి కంకులెత్తి నిలబడేది. పొద్దున్నే పిల్లలు గంపలు తీసుకొని వెళితే గంటసేపట్లో గంప నిండేది. ఇవాళ ఎన్నో ఊళ్లలో తంగేడు కోసం బండి వేసుకొని పక్క మండలానికి వెళ్లవలసి వస్తున్నది. పట్టణాల్లో గునుగును కట్టలు కట్టి అమ్ముతున్నారు, జనం కొనుక్కుంటున్నారు. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన బతుకమ్మకు, రాష్ట్ర పుష్పంగా గౌరవం పొందిన తంగేడును బజారులో వెతుక్కోవలసి రావడం శోచనీయం కాక మరేమిటి?

ఇందుకు కారణాలు ఒకటి కాదు. రోడ్ల పక్కన బీళ్లు ప్లాట్లయ్యాయి. మట్టి తవ్వకాలతో గుట్టలు కరిగాయి. గట్లు సన్నబడ్డాయి. జొన్న, సజ్జ వేసే చెలకల్లో పత్తి వచ్చింది. కలుపు తీసే కూలీలు దొరక్క, దొరికినా కూలి గిట్టక రైతు కలుపు మందు పిచికారీ చేస్తున్నాడు. చేనులో కొట్టిన మందు గట్టు మీద కూడా పడుతున్నది. ఇందులో రైతును ఒక్కడినే తప్పుపట్టి లాభం లేదు. పంట నిలబెట్టుకోవడం అతని అవసరం. కానీ గట్టు మీది మొక్క కూడా చచ్చిపోతే నష్టం చివరికి ఎవరికన్నది రైతే ఆలోచించవలసి ఉన్నది.

ఆ నష్టం ఏమిటో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. గుమ్మడి, దోస, కాకర పాదులకు మగ పూలు వేరు, ఆడ పూలు వేరు. మగ పువ్వులోని పుప్పొడి ఆడ పువ్వుకు చేరితేనే పిందె నిలుస్తుంది. చేర్చేది తేనెటీగలు, తుమ్మెదలు. అవి రాకపోతే పువ్వు వాడి రాలిపోతుంది. పొద్దుతిరుగుడు వేసిన రైతులకు ఇది బాగా అనుభవమే. తేనెటీగలు తక్కువగా ఉన్నచోట గింజ తాలు పోకుండా, పూత దశలో ఉదయం పూట, రోజు విడిచి రోజు చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకొని పువ్వు మీద నిమరాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు సలహా ఇస్తారు. ఈగ ఉచితంగా చేసే పనిని మనిషి కూలి పెట్టి చేయించుకోవడం అంటే ఇదే.

తేనెటీగకు పంట పూసే మూడు నాలుగు వారాలు తిండి ఉంటే చాలదు. పంట లేని రోజుల్లో కూడా బతకాలి. అప్పుడు దానికి ఆధారం గట్ల మీది, బీళ్ల మీది పూలే. తుమ్మి పువ్వు చూడటానికి చిన్నదే అయినా అందులో తేనె ఉంటుంది. తంగేడు పువ్వులో తేనె ఉండదు కానీ పుప్పొడి ఉంటుంది, దానికోసం నల్ల తుమ్మెదలు ఝుమ్మని వస్తాయి. గట్టు మీద పూలున్న ఊరికీ, గట్టు బోసిపోయిన ఊరికీ కూరగాయల కాపులో తేడా కనిపించడానికి మూలం ఇక్కడున్నది.

ఇక గింజను కానుకగా ఇవ్వడం మన పల్లెలకు కొత్త సంగతి ఎంతమాత్రం కాదు. ఏరువాక ముందు ఒక ఇంటి విత్తనం మరో ఇంటికి చేటలో వెళ్లడం పెద్దలకు తెలుసు. పుట్టింటి నుంచి అత్తవారింటికి వచ్చిన కోడలు కొంగున బీర, సొర గింజలు మూటకట్టుకొని రావడమూ తెలుసు. తండాల్లో తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. చర్చీల్లో కోత పండుగనాడు రైతులు పంటలో మొదటి భాగం తెచ్చి సమర్పిస్తారు. దాన్ని వేలం వేసి వచ్చిన సొమ్మును చర్చి అవసరాలకు వాడతారు. గింజకు గౌరవమివ్వడంలో మతాలకు తేడా లేదని ఇవి చెప్పకనే చెబుతున్నాయి.

జహీరాబాద్ ప్రాంతాన్ని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, వారిలో అధికులు దళిత మహిళా రైతులు, జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది వంటి పాత పంటల విత్తనాలను ఊరూరా దాచిపెట్టారు. అవసరమైనవారు విత్తనం తీసుకొని, పంట వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి ఇస్తారు. అమ్మకం లేదు, కొనుగోలు లేదు. ఏటా సంక్రాంతికి మొదలుపెట్టి నెల రోజులపాటు ఎడ్ల బండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా పాత పంటల జాతర చేయడం రెండు దశాబ్దాలకు పైగా సాగుతూ వచ్చింది. ఈ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి దక్కింది. తిండి గింజకు జరిగిన ఈ మేలు పూల గింజకు కూడా ఎందుకు జరగకూడదు? సంక్రాంతికి మూడు వారాల ముందు వచ్చే క్రిస్మస్ అందుకు తగిన సమయం.

తగిన సమయమనడానికి మరో కారణం కూడా ఉన్నది. వానాకాలం చివర పూసిన పూలు గింజ ముదిరి, కాయ ఎండేది సరిగ్గా ఈ రోజుల్లోనే. నవంబర్, డిసెంబర్ నెలల్లో ఎండ తీక్షణంగా ఉండదు, వాన ఉండదు. గింజ సేకరించి ఆరబెట్టడానికి ఇంతకంటే మంచి అదను లేదు. అయితే ఇది సేకరణకు అదను గాని విత్తడానికి కాదు. నీళ్లు పోసే పెరట్లో తప్ప, ఇప్పుడు బీటి మీద చల్లిన గింజ చీమల పాలో పిట్టల పాలో అవుతుంది. పండుగకు ఇచ్చిన పొట్లాన్ని మృగశిర కార్తె వరకు, అంటే జూన్ 8వ తేదీ ప్రాంతం వరకు, భద్రంగా ఉంచుకోవాలి. ఈ సంగతి కానుక ఇచ్చేవారు పుచ్చుకునేవారికి తప్పక చెప్పాలి.

మొదట తంగేడు సంగతి. చదునైన కాయలు గోధుమ రంగుకు తిరిగి, చేతితో నలిపితే పెళుసుగా విరగాలి. పచ్చి కాయ కోస్తే ప్రయోజనం లేదు. గింజ తోలు గట్టిది, నీరు తొందరగా లోపలికి పోదు. అందుకని జూన్‌లో విత్తే ముందు రోజు సాయంత్రం గింజల మీద వేడి నీళ్లు పోసి, రాత్రంతా అలాగే వదిలి, తెల్లవారి ఉబ్బిన గింజలను నాటాలి. లేదా గరుకు ఇసుకతో కలిపి కాసేపు రుద్దినా సరిపోతుంది. రాతి నేలలో, నీరు లేనిచోట కూడా తంగేడు బతుకుతుంది. పశువులు అంతగా ముట్టవు కనుక కంచె లేకపోయినా నిలదొక్కుకుంటుంది. దాని రెమ్మలు పూర్వం పొలాలకు పచ్చిరొట్టగా వేసేవారు. బెరడు తోళ్లు ఊనడానికి వాడేవారు. పువ్వు ఒక్కటే దాని ఉపయోగం కాదని పెద్దలనడిగితే చెబుతారు.

గునుగుది మరో తీరు. ఎండిన కంకిని పళ్లెంలో పెట్టి అరచేతితో నలిపితే ఆవగింజ కంటే చిన్నవైన నల్లటి మెరిసే గింజలు రాలతాయి. నెమ్మదిగా చెరిగితే పొట్టు పోతుంది. గింజ మరీ చిన్నది కనుక లోతుగా పాతితే మొలవదు. పిడికెడు ఇసుకలో కలిపి, తడిసిన నేల మీద చల్లి, చేతితో తట్టితే చాలు. ఒక్క కంకి గింజలు ఒక ఇంటి పెరటికి సరిపోతాయి. ఒక ఏడు పూస్తే తానే రాలి మరుసటి ఏడు తానే మొలుస్తుంది.

శంఖుపువ్వు కంచెకు అల్లుకునే తీగ. చిక్కుడు జాతిది కనుక నేలకు బలమిస్తుంది. దాని కాయలు ఎండగానే పగిలి గింజలు చెదరిపోతాయి కాబట్టి, రంగు మారగానే కోసి నీడన ఆరబెట్టుకోవాలి. తుమ్మి మొక్కను ఎండిన తరువాత గుడ్డ మీద దులిపితే గింజలు దొరుకుతాయి. ఈ నాలుగూ చాలు. వీటికి ఖర్చు లేదు. కావలసిందల్లా రెండు మూడు పూటల తీరిక, కాస్త కళ్లు పెట్టి చూసే ఓపిక.

గింజలను మూడు నాలుగు రోజులు నీడలో, గాలి తగిలేచోట ఆరబెట్టాలి. తడి మిగిలితే బూజు పడుతుంది. పొట్లాలకు ప్లాస్టిక్ కవర్లు వద్దు. పాత క్యాలెండరు కాగితం, చదివేసిన పత్రిక కాగితం మేలు. కొద్దిగా జల్లించిన బూడిద, రెండు ఎండు వేపాకులు కలిపితే పురుగు పట్టదు. ఎక్కువ గింజలుంటే కుండలో పోసి, మూతి గుడ్డతో కట్టి మట్టితో మెత్తడం మన ఆడవాళ్లకు తెలిసిన విద్యే. పొట్లం మీద నాలుగు మాటలు రాయడం ఎంతైనా అవసరం. మొక్క పేరు, గింజ ఏ ఊరిది, ఏ నెలలో సేకరించారు, ఎప్పుడు ఎలా విత్తాలి. ఈ నాలుగు మాటలు లేని పొట్లం పేరు లేని ఉత్తరం వంటిది.

ఇచ్చే గింజ మొలుస్తుందో లేదో ముందే చూసుకోవడం మర్యాద. నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనె గుడ్డలో చుట్టి, ఆరకుండా నీళ్లు చల్లుతూ వారం పది రోజులు ఉంచితే ఎన్ని మొలిచిందీ తెలిసిపోతుంది. తంగేడుకైతే ముందు వేడి నీళ్లలో నానబెట్టడం మరవరాదు. సగం పైగా మొలిస్తే నిశ్చింతగా ఇవ్వవచ్చు. తాలు గింజ కానుకగా ఇచ్చి శుభాకాంక్షలు చెప్పడం ఖాళీ గిన్నె పెట్టి భోజనానికి పిలవడం వంటిది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. అంగడిలో రంగురంగుల బొమ్మలతో అమ్మే ‘అడవి పూల’ పొట్లాలు కొని పంచితే పని సులువు కదా అని ఎవరికైనా అనిపించవచ్చు. అది సరైన దారి కాదు. ఆ పొట్లంలో ఏ దేశపు గింజ ఉన్నదో చాలాసార్లు తెలియదు. అందంగా ఉన్నదని తెచ్చుకున్న పువ్వు ఊరిని మింగిన ఉదంతాలు మనకు కొత్త కావు. నేడు చెరువులను కమ్మేస్తున్న గుర్రపు డెక్క దక్షిణ అమెరికా నుంచి పూల అందం చూసి తెచ్చినదే. అడవుల్లో పశువుకు మేత లేకుండా చేస్తున్న లాంటానా కంప కూడా తోటల అలంకారానికి తెచ్చినదే. వయ్యారిభామను అందానికి ఎవరూ తేలేదు. అయినా 1950లలో పుణె ప్రాంతంలో కనిపించిన ఆ మొక్క ఈనాడు ప్రతి ఊరి దారినీ ఆక్రమించింది.

అమెరికాలోనూ ఇటువంటి వివాదమే తలెత్తింది. తేనెటీగలను కాపాడుదామంటూ 2017లో అక్కడి అల్పాహారపు కంపెనీ ఒకటి కోట్లకొద్దీ అడవి పూల గింజలను ఉచితంగా పంచింది. ఉద్దేశం మంచిదే. కానీ దేశమంతటికీ ఒకే పొట్లం పంపడం వల్ల, ఒక ప్రాంతానికి సహజమైన మొక్క మరో ప్రాంతంలో కలుపుగా మారే ప్రమాదం ఉన్నదని వృక్షశాస్త్రం తెలిసినవారు విమర్శించారు. 2020లో అడగకుండానే తపాలాలో గుర్తు తెలియని విత్తనాల పొట్లాలు అనేక దేశాల ప్రజలకు చేరినప్పుడు, మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా అప్రమత్తంగా ఉండాలని రాష్ట్రాలకు సూచించింది. విదేశాల నుంచి విత్తనం తేవాలంటే అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలని 2003 నాటి ఉత్తర్వు చెబుతున్నది. గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో పండుగకు వచ్చే బంధువులు ముచ్చటపడి పూల గింజలు పెట్టెలో పెట్టుకొని రాకుండా, ముందే ఫోనులో చెప్పడం మంచిది.

దీనికి విరుగుడు కూడా ఇంగ్లండు అనుభవంలోనే ఉన్నది. 2013లో అక్కడ ‘కరొనేషన్ మెడోస్’ పేరుతో ఒక పథకం మొదలుపెట్టారు. రాణి పట్టాభిషేకానికి అరవై ఏళ్లు నిండిన సందర్భమది. ఒక్కో కౌంటీలో చెడకుండా మిగిలిన పాత పూల బయలును గుర్తించి, దాని గడ్డిని, గింజను అదే ప్రాంతంలోని మరో నేలకు తీసుకువెళ్లి పరిచారు. ఎక్కడి గింజ అక్కడే. ఆ నేలకు, ఆ వానకు అలవాటుపడిన గింజ కనుక నిలబడుతుంది, పొరుగును మింగదు. మన ఊళ్లకు వర్తించే నీతి ఇదే. నర్సాపూర్ గుట్టల తంగేడు నర్సాపూర్ ఊళ్లకు, నారాయణఖేడ్ చెలకల గునుగు నారాయణఖేడ్ ఊళ్లకు ఇస్తే చాలు.

రైతు వైపు నుంచి ఒక ఆక్షేపణ రావచ్చు. ‘గునుగు కలుపు మొక్క. ఏటా పీకలేక చస్తున్నాం. దాని గింజలు పంచమంటారా?’ అని అడగవచ్చు. ఆ మాటలో న్యాయమున్నది. జొన్న చేనులో గునుగు దట్టంగా లేస్తే దిగుబడి తగ్గుతుందనడంలో సందేహం లేదు. అందుచేత ఈ కానుకకు ఒక కట్టుబాటు ఉండాలి. పూల గింజ చేనులోకి పోరాదు. ఇతరుల గట్టు మీద వారికి చెప్పకుండా చల్లరాదు. ఇంటి పెరడు, బడి ఆవరణ, చర్చి, గుడి, మసీదు ప్రాంగణాలు, శ్మశాన వాటికలు, చెరువు కట్ట వెలుపలి వాలు, పల్లె ప్రకృతి వనాలు దానికి తగిన చోట్లు. చేను పక్కన గట్టు మీద వేయాలనుకుంటే తంగేడు వేయడం మేలు. అది పొదగా ఒకచోటే ఉంటుంది గాని గునుగులాగా చేనంతా పాకదు.

పిల్లల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. గురివింద గింజలు ఎర్రగా నల్లగా ముద్దుగా ఉంటాయి, కానీ కొరికితే ప్రాణం మీదికి వస్తుంది. ఉమ్మెత్త, గన్నేరు గింజలు కూడా విషమే. వీటిని పొట్లాల్లో కలపడం, పిల్లల చేతికి ఇవ్వడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. పేరు తెలియని మొక్క గింజను ఏరవద్దని పిల్లలకు ముందే చెప్పాలి. తెలియకపోతే ఊళ్లో గొర్రెల కాపరులున్నారు, మందు మొక్కలు తెలిసిన వృద్ధులున్నారు. వారిని వెంటబెట్టుకొని వెళితే పిల్లలకు ఒక పూట పాఠం చెప్పించినట్టు కూడా అవుతుంది.

సేకరణ పేరుతో ఉన్న పొదలను దోచేయడం మరో తప్పు. మూడు కాయలుంటే ఒకటి మాత్రమే కోయాలి, రెండు మొక్కకు వదలాలి. ఊరి మొత్తంలో నాలుగే తంగేడు పొదలు మిగిలితే, వాటి జోలికి పోకుండా కాయ అక్కడే రాలనివ్వడమే ఆ ఊరికి ఆ ఏటి కానుక. బతుకమ్మకు పూలు కోసేటప్పుడు కూడా కొమ్మలు విరచకుండా, కొన్ని పూలను గింజకు వదలడం అలవాటు కావాలి.

చర్చి సంఘాలు ఈ పనికి ముందుకు వస్తే ఎంతో బాగుంటుంది. క్రిస్మస్‌కు ముందే యువజనులు, ఆదివారం బడి పిల్లలు రెండు వారాంతాలు సేకరణకు కేటాయించవచ్చు. చీటీల ఆటలో ప్లాస్టిక్ వస్తువు బదులు గింజల పొట్లం, దానితోపాటు ఒక మట్టి ముంత ఇవ్వాలని నియమం పెట్టుకోవచ్చు. మహిళా సంఘాలు పొట్లాలు కట్టే పని చేపట్టవచ్చు. ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయులు మొలక పరీక్షను పాఠంగా చేయించవచ్చు. గ్రామ పంచాయతీలు తమ నర్సరీల్లో ఏటా పెంచే మొక్కలతోపాటు ఒక మడి తంగేడుకు కేటాయించడం కష్టమేమీ కాదు. అన్నింటికీ మించి పంచాయతీ చేయవలసింది మరొకటున్నది. కాయ ముదిరే ఈ రోజుల్లో రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద శుభ్రత పేరుతో పొదలు కొట్టించి తగులబెట్టించడం జనవరి చివరి వరకు ఆపితే, ఎవరూ చల్లకుండానే వేల గింజలు నేలను చేరతాయి. కట్టకు ప్రమాదం తెచ్చే చెట్లను తొలగించడం వేరు, గడ్డిపోచతో సహా నున్నగా గీకడం వేరు.

కానుక ఇవ్వడంతో పని అయిపోదు. హరితహారం మొదలైన తరువాత విత్తన బంతులు చల్లే కార్యక్రమాలు రాష్ట్రంలో ఎన్నో జరిగాయి. చల్లిన నాడు ఉన్న ఉత్సాహం, మొలిచాయా లేదా అని వెళ్లి చూసే నాడు అన్నిచోట్లా కనిపించలేదు. గింజల పొట్లం కూడా అలమారలో ఏడాది పడి ఉంటే ప్లాస్టిక్ పువ్వుకూ దానికీ తేడా ఉండదు. అందుకని డిసెంబర్‌లో ఇచ్చినవారు మృగశిర నాడు పుచ్చుకున్నవారి ఇంటికి వెళ్లి, ఇద్దరూ కలిసి విత్తే ఆనవాయితీ పెట్టుకోవడం మంచిది. మొలిచిన మొక్కకు మొదటి రెండు నెలలు మేకల నుంచి, మనుషుల కాళ్ల నుంచి కాపు అవసరం. ముళ్ల కంప నాలుగు వైపులా పెడితే సరిపోతుంది.

క్రిస్మస్‌కు ఇచ్చిన గింజ ఆషాఢ, శ్రావణాల్లో మొక్కై, భాద్రపద అమావాస్య నాటికి గునుగు కంకై బతుకమ్మ మీదకు చేరుతుంది. ఒక ఇంటి పండుగ కానుక మరో ఇంటి పండుగకు పువ్వవుతుంది. ఏ ప్రసంగమూ చేయలేని పని ఇది. దీనికి జీవో అక్కరలేదు, నిధులు అక్కరలేదు. జిల్లాలోని ప్రతి ఊళ్లో పది ఇళ్లవారు ఈ డిసెంబర్‌లో ఒక పూట బీటి వైపు నడిచి, ఎండిన కాయలు కొన్ని కోసి, మిగిలినవి మొక్కకే వదిలి రావడం చాలు. ముదిరిన కాయ ఎవరికోసమూ ఆగదు. కనుక ఆ పది ఇళ్లవారు పండుగ దగ్గరపడేదాకా చూడకుండా, ఈ వారమే గంప అందుకోవడం మంచిది.